ఆసుపత్రి లిఫ్టులో పడి మా అమ్మ చెయ్యి విరిగింది: బాధ్యత ఎవరిది?

నల్లగొండ_పెద్దకొడుకు
గత నెల మా చెల్లెలి తొలి కాన్పు కోసం నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాము. మూడో రోజు పొద్దున మందుల చీటీ పట్టుకుని మా అమ్మ రెండో అంతస్తులో లిఫ్టు ఎక్కింది. కింద తలుపు తెరుచుకోగానే బయటికి అడుగు వేసింది. లిఫ్టు నేలకు జానెడు కిందనే ఆగిపోయిందని ఆమె చూసుకోలేదు. అంచు కాలికి తగిలి బోర్లా పడింది, కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేసి ఆపరేషన్ చేశారు. అమ్మకు 56 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో జాకెట్లు కుట్టి మమ్మల్ని ఇద్దరినీ చదివించింది. ఇప్పుడు ఆ చేత్తో కత్తెర పట్టుకోలేకపోతోంది.

ఆసుపత్రివారిని అడిగితే భవనం తమది కాదని, తాము అద్దెకు ఉంటున్నామని చెప్పారు. భవన యజమాని దగ్గరికి వెళితే, లిఫ్టు నిర్వహణ అంతా అద్దె ఒప్పందంలో ఆసుపత్రికే అప్పగించానన్నారు. లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే, వార్షిక నిర్వహణ ఒప్పందం నాలుగు నెలల కిందటే ముగిసిందని, దానిని ఎవరూ పొడిగించలేదని జవాబిచ్చారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, కానీ ముగ్గురూ మరొకరి గడప చూపించారు. నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? తప్పు మనిషి మీద కేసు వేస్తే అది కొట్టుడు పోతుందేమోనని భయంగా ఉంది.

పాలమూరు_పాదచారి
ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చారా? గాయాన్ని ఆసుపత్రి రికార్డులో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా రాయించారా? దెబ్బ తగిలిన చోటే చికిత్స జరిగింది కాబట్టి, కాగితంలో "జారి పడటం వల్ల" అని మాత్రమే రాసి ఉండే అవకాశం ఉంది. ఒకసారి చూడండి.

నల్లగొండ_పెద్దకొడుకు
మీరు అన్నట్టే ఉంది. డిశ్చార్జి కాగితంలో "పడిపోవడం వల్ల గాయం" అని ఉంది. లిఫ్టు అనే మాట ఎక్కడా లేదు. పోలీసుల దగ్గరికి ఇంకా వెళ్లలేదు.

జడ్చర్ల_లిఫ్టు_మెకానిక్
పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి యంత్రం వైపు నుంచి చెబుతాను. లిఫ్టు నేలకు సమంగా ఆగకపోతే లెవెల్ తప్పిందని అంటాము. అది ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు. బ్రేకు లైనర్లు అరిగితే డబ్బా ఆగవలసిన చోటు దాటి జారుతుంది. తాళ్లు సాగినా, గుంతలో మట్టం చెప్పే సెన్సర్ గానీ మాగ్నెట్ గానీ పక్కకు జరిగినా తేడా వస్తుంది. మొదట అంగుళం, తర్వాత రెండు అంగుళాలు, అలా పెరుగుతూ పోతుంది. జానెడు తేడా వచ్చిందంటే కొన్ని వారాలుగా ఆ లిఫ్టు తన జబ్బు తానే చెప్పుకుంటూ ఉండి ఉంటుంది. అక్కడ పనిచేసే ఆయాలకు, వార్డు బాయ్‌లకు తప్పకుండా తెలిసి ఉంటుంది, ఎందుకంటే స్ట్రెచర్ చక్రం ప్రతిసారీ ఆ అంచుకు తగులుకుంటుంది. వాళ్లలో ఎవరైనా "ఇది ఎప్పుడూ ఇంతే" అని మీతో అన్నారా, గుర్తు చేసుకోండి.

ఇంకో మాట. మెషిన్ రూములో కంట్రోలర్ పక్కన సర్వీసు కార్డు వేలాడుతూ ఉంటుంది. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏమి చేశారు అనేది దాని మీద రాసి సంతకం చేస్తాము. ఆ కార్డు మాయం కాకముందే దాని ఫోటో దొరికితే మీ సగం పని అయినట్టే.

నల్లగొండ_పెద్దకొడుకు
అన్నా, మీరు అడిగింది నిజమే. అమ్మను లేపిన ఆయమ్మే "చూసి దిగాలమ్మా, నాలుగు రోజుల కింద ఇంకొకాయన కూడా ఇట్లనే తూలిండు" అని అంది. ఆ మాట నా చెవులారా విన్నాను.

నల్లగొండ_న్యాయవాది
పెద్దకొడుకు గారూ, ఆయమ్మ అన్న ఆ ఒక్క మాట మీ కేసుకు ప్రాణం. ప్రమాదం ఉందని ముందే తెలిసి కూడా లిఫ్టును నడిపించారనడానికి అది ఆధారం. ఆమె సాక్ష్యం చెబుతుందో లేదో తర్వాత చూద్దాం. తేదీ, సమయం, ఆమె అన్న మాటలు అన్నట్టుగానే ఈ రాత్రే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. ముగ్గురిలో ఒకరిని మీరు ఎంచుకోవలసిన అవసరమే లేదు. ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. వాళ్ల మధ్య అద్దె ఒప్పందంలో ఏముంది, నిర్వహణ ఒప్పందం ఎప్పుడు ముగిసింది అనేవి వాళ్లు వాళ్లు తేల్చుకోవలసిన లెక్కలు. ఆ ఒప్పందాలలో మీ అమ్మ సంతకం లేదు, అందువల్ల అవి ఆమె హక్కును తగ్గించలేవు. లోపలికి రోగులను, వారి మనుషులను పిలిచి లిఫ్టు ఎక్కించుకున్నది ఆసుపత్రి, కాబట్టి మొదటి జవాబు ఆసుపత్రే చెప్పాలి. నిర్వహణ ఒప్పందం లేకుండా నాలుగు నెలలు నడిపామన్నది వాళ్లకు రక్షణ కాదు, అది వాళ్ల మీద ఇంకో ఆరోపణ అవుతుంది. ఒప్పందం ముగిసిన తర్వాతి లోపమైతే లిఫ్టు కంపెనీ తప్పించుకోవచ్చు. బిగించినప్పుడే లోపం ఉన్నా, చివరి సర్వీసులో చూసి వదిలేసినా మాత్రం తప్పించుకోలేదు. ఆ సంగతి తేలాలంటే వాళ్లూ వినియోగదారుల ఫిర్యాదులు వినే కమిషన్ ముందుకు రావాలి.

దేవరకొండ_బడిపంతులు
మేడం, నాకు ఒక సందేహం. రోగి వాళ్ల చెల్లెలు, పడింది తల్లి. వినియోగదారుల చట్టం కింద డబ్బు కట్టి సేవ పొందిన వారే వినియోగదారులు కదా. రోగి వెంట వచ్చిన మనిషికి ఆ హక్కు ఎలా వస్తుంది? ఇది ఆసుపత్రి న్యాయవాది లేవనెత్తే మొదటి అభ్యంతరం అవుతుందని అనుకుంటున్నాను.

నల్లగొండ_న్యాయవాది
పంతులు గారి సందేహం సరైనదే, దానికి ముందే సిద్ధపడాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 2(7) సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి సేవను కుదుర్చుకున్నవారూ, వారి అంగీకారంతో ఆ సేవను పొందినవారూ ఇద్దరూ వినియోగదారులే. బిడ్డకు వైద్యం చేయించిన తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో చెప్పింది. పెద్దకొడుకు గారూ, మన దగ్గర తొలి కాన్పు పుట్టింటివారే చేయిస్తారు. అడ్మిషన్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు? అడ్వాన్సు ఎవరి ఖాతా నుంచి పోయింది?

నల్లగొండ_పెద్దకొడుకు
అమ్మే సంతకం పెట్టింది, మేడం. అడ్వాన్సు 20,000 రూపాయలు అమ్మ బ్యాంకు ఖాతా నుంచే ఫోన్ ద్వారా కట్టాము. ఆ డబ్బు ఆమె కుట్టుపనిలో కూడబెట్టుకున్నది. రసీదు ఆమె పేరు మీదే ఉంది.

నల్లగొండ_న్యాయవాది
అయితే పంతులు గారి అభ్యంతరం అక్కడే తీరిపోయింది. ఆ సేవను కుదుర్చుకున్న మనిషి మీ అమ్మగారే. రసీదును, బ్యాంకు స్టేట్‌మెంటును జాగ్రత్త చేయండి.

మెట్టుగడ్డ_కార్యదర్శి
నేను మహబూబ్‌నగర్‌లో 22 ఇళ్లున్న ఒక అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని. ఇక్కడ అందరూ యజమాని మీద, సంఘం మీద బాధ్యత మోపుతున్నారు. మా పరిస్థితి కూడా వినండి. ఆరు ఇళ్లవాళ్లు ఏడాదిగా మెయింటెనెన్స్ కట్టడం లేదు. లిఫ్టు నిర్వహణ ఒప్పందానికి డబ్బు చాలక ఎనిమిది నెలలుగా ఆపేశాము. ఏదైనా పాడైతే తెలిసిన మెకానిక్‌ను పిలిపించి చేయిస్తున్నాము. నాకు జీతం లేదు, ఎవరూ ముందుకు రాకపోతే ఒప్పుకున్న పదవి ఇది. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే నన్ను జైలుకు పంపుతారా? అది న్యాయమేనా?

సూర్యాపేట_ఆడబిడ్డ
కార్యదర్శి గారూ, డబ్బు కట్టనివారి మీద మీకు కోపం ఉండటం సహజం. కానీ ఆ ఆరు ఇళ్ల బాకీకి, ఏడో ఇంటి ముసలమ్మ కాలు ఎందుకు విరగాలి?

జడ్చర్ల_లిఫ్టు_మెకానిక్
"తెలిసిన మెకానిక్" అనే మాట దగ్గరే నాకు గుబులు. నెలనెలా వచ్చేవాడు బ్రేకు, తాళ్లు, వేగం మితిమీరకుండా చూసే గవర్నర్ అనే భాగం, తలుపు తాళాలు వరుసగా చూస్తాడు. పాడైనప్పుడు మాత్రమే వచ్చేవాడు లిఫ్టు మళ్లీ కదిలితే చాలనుకుని పోతాడు. రెండూ ఒకటి కాదు. ఒప్పందంలో కూడా రెండు రకాలున్నాయి: ఒకటి చేతి పని మాత్రమే చూసేది, రెండోది విడిభాగాలతో కలిపి చూసేది. మొదటిది తీసుకున్నవాళ్లు, తాడు మార్చాలని మేము రాసి ఇస్తే, ఖరీదు చూసి ఆ కాగితాన్ని పక్కన పెడతారు. ప్రమాదం జరిగాక ఆ కాగితమే వాళ్ల మీద సాక్ష్యం అవుతుంది.

నల్లగొండ_న్యాయవాది
కార్యదర్శి గారి ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. మన దగ్గర అమలులో ఉన్న 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం లిఫ్టు అందరి ఉమ్మడి సదుపాయం, దాని బాగోగులు సంఘం చూడాలి. నష్టపరిహారం సాధారణంగా సంఘం మీదకు వస్తుంది, అంటే చివరికి అన్ని ఇళ్లూ పంచుకుంటాయి. కానీ లిఫ్టు ప్రమాదకరంగా ఉందని మీకు వ్యక్తిగతంగా తెలిసి, దానిని ఆపే అధికారం మీ చేతిలో ఉండి కూడా నడిపిస్తే, క్రిమినల్ కేసులో మీ పేరు రావచ్చు. భారతీయ న్యాయ సంహిత 289 సెక్షన్ యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి సంబంధించినది. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎముక విరిగితే అది చట్టం దృష్టిలో తీవ్ర గాయం, అప్పుడు 125(బి) కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల వరకు ఉంది.

మీరు చేయవలసింది సులభమే. సంఘం సమావేశం పెట్టి, డబ్బు అందే వరకు లిఫ్టు ఆపుతున్నామని తీర్మానం రాయండి, కరెంటు తీయించి తాళం వేయండి. పై అంతస్తుల వాళ్లకు కోపం వస్తుంది, బాకీలు కూడా వస్తాయి. భవనం స్వాధీనమై ఐదేళ్లు దాటకపోతే, ఇళ్ల నిర్మాణ ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం 14(3) సెక్షన్ కింద నిర్మాణంలో, సదుపాయాల్లో ఉన్న లోపాలను బిల్డరే సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. మీ ప్రాజెక్టు రెరాలో నమోదైందో లేదో చూడండి.

మెట్టుగడ్డ_కార్యదర్శి
భవనానికి తొమ్మిదేళ్లు నిండాయి, బిల్డరు దారి మూసుకుపోయింది. ఆదివారం సమావేశం పెడతాను.

వనపర్తి_అమ్మ
ఈ చర్చ మూడేళ్ల కింద చదివి ఉంటే బాగుండేదనిపించి రాస్తున్నాను. పండుగ బట్టల కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద మాల్‌కు వెళ్లాము. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. ఎస్కలేటర్ మీద నా చెయ్యి పట్టుకునే నిలబడింది. మెత్తని రబ్బరు చెప్పు మెట్టుకూ పక్క రేకుకూ మధ్య సందులోకి లాగుకుపోయింది, దానితో పాటు కాలి బొటనవేలు కూడా పోయింది. ఎర్ర బటన్ ఎక్కడుందో నాకు తెలియదు. అక్కడ నిలబడ్డ సెక్యూరిటీ అబ్బాయికి కూడా తెలియదు. ఎవరో కుర్రవాడు కిందికి ఉరికి నొక్కాడు.

మాల్ యాజమాన్యం ఆసుపత్రికి వచ్చింది, పండ్లు తెచ్చింది, మొదటి బిల్లు కట్టింది. "కేసు ఎందుకమ్మా, పాపకు ఎంత ఖర్చయినా మేమే చూసుకుంటాం" అన్నారు. నమ్మాము. రెండో ఆపరేషన్ నాటికి ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ల చుట్టూ తిరిగి, తిరిగి, చివరికి న్యాయవాదిని కలిసేసరికి రెండేళ్ల గడువు దాటి నాలుగు నెలలైంది. ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తుతో కలిపి మహబూబ్‌నగర్ కమిషన్‌లో వేశాము. ఇంకా నడుస్తోంది.

పాలమూరు_పాదచారి
హైదరాబాద్‌లో జరిగినదానికి మహబూబ్‌నగర్‌లో ఎలా వేశారక్కా?

వనపర్తి_అమ్మ
2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసే చోట కూడా వేయవచ్చు. మా న్యాయవాది 34వ సెక్షన్ చూపించారు. పాపను పట్టుకుని ప్రతి వాయిదాకూ హైదరాబాద్ పోవలసిన బాధ తప్పింది.

కృష్ణాతీరం
బాధ పెట్టాలని కాదు గానీ, ఎస్కలేటర్ పక్కన "పిల్లలను ఎత్తుకోండి, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని బోర్డు ఉంటుంది కదా. చదివి కూడా ఎక్కితే తప్పు మనది కాదా?

వనపర్తి_అమ్మ
బోర్డు ఉంది. చెయ్యి పట్టుకున్నాను. అంతకంటే తల్లి ఏమి చేస్తుందో నాకు తెలియదు.

నల్లగొండ_న్యాయవాది
కృష్ణాతీరం గారూ, ఆ బోర్డులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. "పిల్లలను ఎత్తుకోండి" అనేది హెచ్చరిక. దానిని మనం లెక్కచేయకపోతే పరిహారంలో కొంత తగ్గించవచ్చు. అయినా ఐదేళ్ల పిల్లను ఆమె తప్పుకు బాధ్యురాలిని చేయడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఒప్పుకోవు. "బాధ్యత వహించదు" అనేది మాత్రం ఏకపక్షంగా రాసుకున్న మాట. తన నిర్లక్ష్యానికి తానే క్షమాపణ పత్రం గోడ మీద రాసుకుంటే అది చెల్లదు.

వనపర్తి అమ్మా, మీకు ఇంకో దారి కూడా ఉంది. కాలపరిమితి చట్టం 6వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు సివిల్ దావా గడువు మేజర్ అయ్యాక లెక్కకు వస్తుంది. కాబట్టి కమిషన్ ఆలస్యాన్ని మన్నించకపోయినా పాప పేరు మీద సివిల్ కోర్టులో దావా వేసే హక్కు పోలేదు. అప్పటిదాకా ఆగవలసిన అవసరం కూడా లేదు, తల్లి తోడుగా ఇప్పుడే వేయవచ్చు. ఈ మాట మీ న్యాయవాదితో మాట్లాడండి.

వనపర్తి_అమ్మ
ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. రేపే ఆయనను కలుస్తాను మేడం.

జడ్చర్ల_లిఫ్టు_మెకానిక్
ఎస్కలేటర్ పక్క రేకు పొడుగునా బ్రష్ బిగిస్తారు, చూసే ఉంటారు. బూట్లు తుడుచుకోవడానికని చాలామంది కాళ్లు రుద్దుతారు. అది కాళ్లను సందుకు దూరంగా ఉంచడానికి పెట్టింది. అమ్మా, ఆ రోజు ఆ ఎస్కలేటర్‌కు బ్రష్ ఉందా, వెంట్రుకలు ఊడిపోయి ఉందా అన్నది మీ న్యాయవాది తప్పక అడగాలి. సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచిన రికార్డు కూడా అడగాలి.

మిర్యాలగూడ_అన్న
మా తమ్ముడి సంగతి చెబుతాను. 2022లో ఒక హోల్‌సేల్ బట్టల గోదాములో హమాలీ పని చేసేవాడు. సరుకు లిఫ్టు రాలేదు, తలుపు మాత్రం తెరుచుకుంది. నెత్తి మీద మూట ఉంది కాబట్టి ముందు చీకటి గుంత కనిపించలేదు. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. 25 ఏళ్లు. భార్య, ఏడు నెలల బిడ్డ. యజమాని "అతను మా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చిన మనిషి" అన్నాడు. మేస్త్రీ ఊరు విడిచి పోయాడు.

జడ్చర్ల_లిఫ్టు_మెకానిక్
లిఫ్టు డబ్బా ఎదురుగా లేనప్పుడు బయటి తలుపు తెరుచుకోకూడదు. దానికోసమే తలుపు తాళానికి ఇంటర్‌లాక్ ఉంటుంది, తలుపు సరిగా పడకపోతే లిఫ్టు కదలదు. సరుకు లిఫ్టుల్లో తలుపు మాటిమాటికీ పట్టేసి పని ఆగుతోందని, ఆ తాళాన్ని ఒక వైరు ముక్కతో షార్టు చేయమని యజమానులు మమ్మల్ని అడుగుతారు. నేను చేయనని వచ్చేసిన చోట్లు ఉన్నాయి. చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. అన్నా, మీ తమ్ముడిని తీసుకుపోయింది ఆ వైరు ముక్కే అయి ఉంటుంది.

మిర్యాలగూడ_అన్న
పోలీసుల పంచనామాలో అదే రాశారు. కంట్రోలర్‌లో ఎర్ర వైరు ముక్క దొరికింది.

దేవరకొండ_బడిపంతులు
పరిహారం వచ్చిందా తమ్ముడూ?

మిర్యాలగూడ_అన్న
వచ్చింది. కార్మిక శాఖ కార్యాలయంలో ఉద్యోగుల పరిహార చట్టం కింద వేశాము. తమ్ముడి నెల సంపాదన 18,000 అయినా లెక్కకు అప్పట్లో 15,000 మాత్రమే తీసుకునేవారట. అందులో సగం 7,500. పాతికేళ్ల వయసుకు ఆ చట్టంలో 216.91 అనే అంకె ఉండేది. రెండూ గుణిస్తే 16,26,825 రూపాయలు. దానికి వడ్డీ కలిపి మరదలి పేరు మీద జమ చేశారు. మేస్త్రీ తెచ్చిన మనిషైనా, పని జరిగిన చోటి యజమానే ముందు చెల్లించాలని కమిషనర్ గారు చెప్పారు.

నల్లగొండ_న్యాయవాది
అది అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి చట్టంలోని 12వ సెక్షన్, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. యజమాని ముందు చెల్లించి, తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవాలని అందులో ఉండేది. ఆ చట్టం కింద యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించవలసిన పని కూడా ఉండేది కాదు, పనిలో ఉండగా పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపితే సరిపోయేది. నెల లోపల చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడేది. ఆలస్యానికి కారణం సరైనది కాకపోతే సగం వరకు అదనపు జరిమానా కూడా వేసే వీలుండేది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా ఉన్న ఉద్యోగి అయితే దారి వేరు, ఆ సొమ్ము ఈఎస్ఐ నుంచే రావాలి. మీ మరదలికీ బిడ్డకూ ఆ సొమ్ము దక్కేదాకా వెంట నిలబడ్డారు, మిర్యాలగూడ అన్నా.

నాగర్‌కర్నూల్_రైతుబిడ్డ
ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ ఆఫీసులోనో లిఫ్టు వల్ల దెబ్బ తగిలితే ఏమి చేయాలి? అక్కడ మనం డబ్బు కట్టము కదా.

నల్లగొండ_న్యాయవాది
అందరికీ పూర్తి ఉచితంగా సేవ చేసే చోట వినియోగదారుల చట్టం వర్తించదు. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. కానీ నిర్లక్ష్యానికి పరిహారం కోరుతూ సివిల్ దావా వేసే హక్కు ఉంటుంది. ఆసుపత్రి సేవలకు సంబంధించిన వివాదమైతే శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉంది, కోటి రూపాయల వరకు వింటుంది, ఫీజు లేదు. అంతకంటే ముందు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, లిఫ్టు నిర్వహణ ఒప్పందం, చివరి మూడు సర్వీసుల నివేదికలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కృష్ణాతీరం
నాకు ఇంకా ఒక్కటి అర్థం కావడం లేదు. బ్రేకు అరిగిందో, సెన్సర్ జరిగిందో పెద్దకొడుకు గారు ఎలా నిరూపిస్తారు? వాళ్లు రేపే బాగు చేయించి, లిఫ్టు చక్కగా ఉందని చూపిస్తే?

నల్లగొండ_న్యాయవాది
మనకు గడియారం సెంటర్ ఎంత పరిచయమో, ఒకప్పుడు ఢిల్లీవాళ్లకు చాందినీ చౌక్ గడియార స్తంభం అంత పరిచయం. ఆ స్తంభం కూలి మనుషులు చనిపోయారు. లోపం బయటికి కనిపించలేదని ఢిల్లీ మున్సిపాలిటీ వాదించింది. సుప్రీంకోర్టు 1966లో ఆ వాదనను తోసిపుచ్చింది. బాగా చూసుకుంటున్న కట్టడం ఊరికే కూలదు, కూలిందంటే ఎందుకు కూలిందో యజమానే చెప్పుకోవాలి అని దాని సారాంశం. లిఫ్టుకూ ఇదే తర్కం వర్తిస్తుందని మనం వాదించవచ్చు. లిఫ్టు జానెడు కింద ఆగి తలుపు తెరిచిందని మీరు చూపితే చాలు. ఏ భాగం చెడిందో వివరించవలసిన భారం వాళ్ల మీదకు పోతుంది, ఎందుకంటే మెషిన్ రూము తాళం వాళ్ల దగ్గరే ఉంది.

అందుకే సీసీ కెమెరా దృశ్యం ముఖ్యం. చాలా చోట్ల కొద్ది వారాల్లోనే పాతదాని మీద కొత్తది రికార్డు అయిపోతుంది. ఆ రోజు దృశ్యాన్ని, సర్వీసు కార్డును భద్రపరచాలని ఈ రోజే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటీసు అందాక కూడా చెరిపేస్తే, దాచిపెట్టారని వాదించే అవకాశం మీకు వస్తుంది.

సూర్యాపేట_ఆడబిడ్డ
పోలీసు కేసు పెడితే ఏళ్ల తరబడి తిరగాలి. నా సలహా నేరుగా పరిహారం కోసం వెళ్లమనే. మా మామగారి విషయంలో పోలీసు కేసు వల్ల రాజీ కూడా చెడిపోయింది.

పాలమూరు_పాదచారి
నేను ఒప్పుకోను అక్కా. ఎఫ్ఐఆర్, పంచనామా లేకపోతే మిర్యాలగూడ అన్నకు ఆ ఎర్ర వైరు ముక్క దొరికేదే కాదు.

సూర్యాపేట_ఆడబిడ్డ
అది నిజమే. ఆ కోణంలో నేను ఆలోచించలేదు.

నల్లగొండ_పెద్దకొడుకు
ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. పోలీసు ఫిర్యాదు ఇచ్చాము, 125(బి) కింద నమోదైంది. కానిస్టేబుల్ వచ్చి మెషిన్ రూము ఫోటోలు తీశారు. సర్వీసు కార్డు మీద చివరి సంతకం ఐదు నెలల కిందటిది. దాని కింద "బ్రేకు లైనర్ మార్చాలి" అని చేతిరాత ఉంది.

నిన్న ఆసుపత్రి మేనేజరు ఇంటికి వచ్చారు. అమ్మ ఆపరేషన్ ఖర్చు 85,000 రూపాయలు ఇస్తామని, "ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అనే కాగితం మీద సంతకం చేయాలని అడిగారు. నాన్న తీసుకుందామంటున్నారు. అమ్మ ఏమీ మాట్లాడటం లేదు. ఏమి చేయాలి?

జడ్చర్ల_లిఫ్టు_మెకానిక్
"బ్రేకు లైనర్ మార్చాలి" అని రాసిన ఆ మెకానిక్ తన పని తాను చేశాడు. ఆ చేతిరాతకు విలువ కట్టకుండా సంతకం పెట్టకండి.

వనపర్తి_అమ్మ
తమ్ముడూ, నా మాట విను. సంతకం పెట్టవద్దు.

నల్లగొండ_న్యాయవాది
ఆ మొత్తం చికిత్సకు సరిపోతుందేమో గానీ, మీ అమ్మగారి చేతికి సరిపోదు. డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ "చికిత్స ఖర్చుల కింద, మిగతా హక్కులకు భంగం లేకుండా" అని రాసి ఇస్తేనే తీసుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. గడువు రెండేళ్లు ఉంది, వనపర్తి అమ్మలా వాళ్ల మాటల మీద ఆ కాలం కరిగిపోనివ్వకండి.

కమిషన్ పరిధిని మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. జిల్లా కమిషన్ 50 లక్షల వరకు వింటుంది. కాన్పు బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదులో చికిత్స ఖర్చు, ఇకముందు ఫిజియోథెరపీ ఖర్చు, నొప్పికి పరిహారం, పోయిన సంపాదన, ఈ నాలుగూ విడివిడిగా అడగండి. కుట్టుపని సంపాదనకు జీతం చీటీ ఉండదు కదా, అమ్మగారు ఆర్డర్లు రాసుకునే పుస్తకం ఉందా?

నల్లగొండ_పెద్దకొడుకు
ఉంది మేడం. పదకొండు పుస్తకాలు ఉన్నాయి. ఎవరి జాకెట్టు, ఏ తేదీకి ఇవ్వాలి, ఎంత తీసుకుంది అన్నీ రాసి ఉన్నాయి. వాడుక మనుషుల ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి.

నల్లగొండ_న్యాయవాది
గత మూడేళ్ల పుస్తకాలు తీసుకుని రండి. వాడుక మనుషుల్లో ముగ్గురి చేత అఫిడవిట్లు ఇప్పిద్దాం. అమ్మగారి చేతిలో ఎంత శాతం వైకల్యం మిగిలిందో మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు కూడా కావాలి, గాయం కుదురుకున్నాక దరఖాస్తు చేయండి. డిశ్చార్జి కాగితంలో లిఫ్టు ప్రస్తావన చేర్చమని విడిగా ఒక లేఖ ఇవ్వండి. వాళ్లు చేర్చకపోయినా, మీరు అడిగినట్టు రికార్డులో ఉంటుంది.

మెట్టుగడ్డ_కార్యదర్శి
ఆదివారం సమావేశం జరిగింది. లిఫ్టుకు తాళం వేశాము. ఐదో అంతస్తు ఆయన నా మీద గట్టిగా అరిచారు, సాయంత్రానికి ఆయనే బాకీ మొత్తం కట్టారు. ఆరు ఇళ్లలో నాలుగు కట్టాయి. విడిభాగాలతో కలిపిన ఒప్పందానికి రెండు కంపెనీల నుంచి ధరలు అడిగాము.

నల్లగొండ_పెద్దకొడుకు
నిన్న రాత్రి పుస్తకాలన్నీ ముందు వేసుకుని అమ్మతో కూర్చున్నాను. మేనేజరు తెచ్చిన కాగితాన్ని ఆమెకు చదివి వినిపించాను. విని, "ఆ లిఫ్టు ఇంకా నడుస్తోందా?" అని అడిగింది. నడుస్తోందని చెప్పాను. "అయితే సంతకం పెట్టను" అంది. ఈ రోజు పొద్దున ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసులు పంపాము, లిఫ్టును వెంటనే ఆపాలని అందులో మొదటి పేరాలోనే రాయించాము.